మా తర్వాత ఇల్లు లేదు

మా ఆయన మీద ఒట్టేసి చెప్పమంటే చెప్పను. ఒంట్లో బాగాలేని మనిషి మీద ఒట్లు పెట్టుకోకూడదు. నా కళ్ల మీద ఒట్టు. చెప్పబోయేది నాకు జరిగింది. ఎవరో చెబితే విన్నది కాదు... నిద్రమత్తులో కన్న కల అంతకంటే కాదు. కలలో బిందెలు మోస్తే తెల్లారి నడుము పట్టేయదు. నాకు నాలుగు రోజులు పట్టేసింది.

నవ్వకండి. నవ్వితే చెప్పను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. ఎమ్మిగనూరులో... వీధి పేరు ఎందుకులే, ఇప్పుడు అందులో వేరేవాళ్లు ఉంటున్నారు. ఒక ముందుగది, ఒక వెనకగది, చిన్న వంటిల్లు. పైన నాపబండల కప్పు. వాకిట్లో సిమెంటు తొట్టి, దానిమీద కొళాయి. మా వీధి ఎత్తుకు ఎక్కుతూ పోతుంది. పోయేకొద్దీ సన్నమైపోతుంది. ఆ చివరి ఇల్లు మాది. ఎడమపక్క రంగమ్మక్క ఇల్లు. కుడిపక్క ఏమీ లేదు. ఎప్పుడో ఎవరో ప్లాట్లు వేసి, తెల్లరంగు పూసిన హద్దురాళ్లు పాతి పోయారు. మళ్లీ రాలేదు. రాళ్ల మధ్య కంపచెట్లు మొలిచాయి. ఇరవై రెండేళ్లు ఆ ఇంట్లో ఉన్నాను. అక్కడ ఒక్క గోడ లేవడం చూడలేదు.

అమ్మాల్సిన అవసరం ఎందుకొచ్చిందో కూడా చెబుతాను. మా ఆయన ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కుప్పల ముందు నిలబడి వేలం పాడేవాడు. గొంతంటే అదీ గొంతు. ఫోన్లో మాట్లాడితే నేను చెవికి జానెడు దూరంలో పెట్టుకుని వినేదాన్ని. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే పళ్లు తోముకుంటూ తొట్టి పక్కనే కూలబడ్డాడు. కుడిచెయ్యి, కుడికాలు, మాట... మూడూ ఒక్కసారే పోయాయి. కాలు కాస్త తిరిగొచ్చింది. మాట రాలేదు. "బ... బ..." అంటాడు. అన్నం కావాలన్నా అదే. ఉక్కపోస్తోందన్నా అదే.

ఆదోనిలో మాట నేర్పించే సారు ఒకాయన ఉన్నాడు. వారానికి మూడుసార్లు తీసుకురమ్మన్నాడు. "ఆలస్యం చేస్తే కష్టమమ్మా, ఈ ఏడాదిలోపు వచ్చిందే వచ్చినట్టు" అన్నాడు. మా వీధి చివరిదాకా ఆటో రాదు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కిందికి మోసుకురావాలి. మొదటి రెండు వారాలు నలుగురు దొరికారు. మూడో వారం ఇద్దరే వచ్చారు. నాలుగో వారం... నేను ఎవరినీ అడగలేదు. అడగడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

ఆ సారు ఇంటికి నాలుగడుగుల దూరంలో, మెట్లు లేని ఇల్లు ఒకటి చూసిపెట్టుకున్నాను. ఇది అమ్ముడుపోతేనే అది. అది దొరికితేనే ఆయనకు మాట. నాకు తెలిసిన లెక్క అంతే.

బ్రోకర్ మద్దిలేటి వచ్చి ఇల్లంతా తిరిగి చూశాడు. మంచివాడే. నోరే కాస్త ఎక్కువ.

"అక్కా, ఇల్లమ్మేది పెండ్లిచూపులట్ల. ముందు ముకానికి పౌడరు పుయ్యాల. ఆ గోడలు సూడు, ఎట్ల పెచ్చులూడినాయో! సున్నం కొట్టియ్యి. ఈ నల్లబడిన కాడ క్యాలెండరు తగిలియ్యి."

"సరేప్పా."

"ఇంగొక మాట. తప్పుగా అనుకోవద్దు. అన్నను మాత్రం కనపడనీయొద్దు. రోగంతో పండుకున్న మనిషి కనపడితే అయిపాయ... ఈ ఇల్లు వాళ్లకే అచ్చిరాలేదు, మనకేం అచ్చొస్తాదంటారు. నా మాట ఇను."

విన్నాను. ఏం చేస్తాను?

సున్నం నేనే కొట్టాను. పగుళ్లలో సిమెంటు పూడ్చాను. వెనకగదిలో చెమ్మ ఎక్కిన చోట క్యాలెండరు చాలలేదు, రెండు తగిలించాను. ఒకే నెల రెండుసార్లు ఎందుకుందని ఒకావిడ అడిగింది కూడా. మందుల వాసన పోవడానికి ఫినాయిలు, ఫినాయిలు వాసన పోవడానికి అగరొత్తులు. ఎవరైనా చూడ్డానికి వస్తున్నారంటే ముందుగా ఆయన్ని లేపి, తుడిచి, చొక్కా తొడిగి, నేనూ రంగమ్మక్కా చెరో రెక్క పట్టుకుని వాళ్లింట్లోకి నడిపించేవాళ్లం. వచ్చినవాళ్లు పోయాక మళ్లీ తీసుకొచ్చేవాళ్లం. ఆయన ఏమీ అనేవాడు కాదు. అనలేడు కదా. తలదించుకుని నడిచేవాడు. ఇల్లమ్మడంలో నన్ను బాగా అలసగొట్టింది సున్నం పని కాదు... ఆ తలదించుకోవడమే.

అలా పదకొండు జట్లు వచ్చాయి. గోడలు వేళ్లతో కొట్టి చూస్తారు. కిటికీ రెక్కలు లాగుతారు. స్నానాలగది తలుపు తీసి ముక్కు మూసుకుంటారు, వాసన రాకపోయినా సరే. చివరికి వాకిట్లోకొచ్చి కొళాయి తిప్పుతారు. సుయ్... మని గాలి. అంతే. "ఫోన్ జేస్తాంలేమ్మా" అని పోతారు. ఆ ఫోన్ కోసం నేను స్నానానికి పోయినా తలుపు దగ్గర ఫోన్ పెట్టుకునేదాన్ని. పదకొండింటిలో ఒక్కటీ మోగలేదు.

ఈ నీళ్ల సంగతి చెప్పకపోతే మీకు మిగతాది అర్థం కాదు. మా వీధికి నాలుగు రోజులకొకసారి వంతు. రోజు తెలుసు, వేళ తెలియదు. ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి నడిరాత్రి. అందుకని మా వీధిలో ఒక పద్ధతి ఉంది. కింది ఇంట్లో ముందు వస్తాయి కాబట్టి, వాళ్లు లేచి పక్కింటి గోడ మీద గిన్నెమూతతో మూడుసార్లు కొట్టి అరుస్తారు. "నీళ్లొచ్చినాయి... లేయండి!" ఆ పక్కింటివాళ్లు "ఆఁ, లేచినా" అనాలి. అని, తమ పక్కవాళ్లను లేపాలి. అలా ఒక ఇంటి నుంచి ఒక ఇంటికి పాకుతూ వచ్చి చివరికి నా దగ్గర ఆగుతుంది. రాత్రిపూట పిలిస్తే మూడుసార్లు పిలిచేదాకా పలకొద్దని అన్ని ఊళ్లలో పెద్దవాళ్లు చెబుతారు. మా వీధిలో అలా కూర్చుంటే బిందె నిండదు. మేము ఒక్క పిలుపుకే పలుకుతాం. నన్ను రంగమ్మక్క లేపుతుంది. నేను మాత్రం ఎవరినీ లేపాల్సిన పని లేదు. మా తర్వాత ఇల్లు లేదు.

ఆ రోజు సాయంత్రం మద్దిలేటి ఫోన్.

"అక్కా, రేపు పొద్దున ఏడుకు గోనెగండ్లోళ్లు వస్తాండారు. కొత్త జంట. నమ్మకమైన పార్టీ. నీళ్లుండాయా?"

"యాడుండాయి? మన వంతు ఇంగా రెండు దినాలుండాది."

"ట్యాంకరు పోయించి తొట్టి నింపు. అడిగితే రోజూ వస్తాయని సెప్పు."

"ట్యాంకరు మా సందులోకి రాదు కదప్పా!"

"అట్లయితే దేవుని మీద భారం ఏసి పండుకో."

ఇంకో చిక్కు కూడా ఉంది. రంగమ్మక్క ఊళ్లో లేదు. కూతురికి నొప్పులు వస్తున్నాయని కబురొస్తే మధ్యాహ్నమే ఆటో పట్టుకుని నందవరం వెళ్లింది. ఇంటికి తాళం. అంటే రేపు ఆయన్ని దాచడానికి చోటు లేదు. వెనకగదిలో ఒక మూలకు మంచం జరిపి, అడ్డంగా తాడు కట్టి, పాత చీర వేలాడదీశాను. దాని ముందు రెండు ట్రంకుపెట్టెలు పెట్టాను. ఎవరైనా అడిగితే వెనక సామాన్లున్నాయని చెప్పొచ్చు. తాడు ముడి వేస్తుంటే ఆయన మంచం మీద నుంచి చూస్తున్నాడు. ఏం చేస్తున్నానో ఆయనకు తెలుసు. నేను ముఖం అటు తిప్పుకుని ముడి వేశాను.

పది దాటాక పడుకున్నాను. పడుకోవడం కాదు... పడిపోయాను.

ఎంతసేపు పడుకున్నానో తెలియదు. ఉన్నట్టుండి...

టక్... టక్... టక్...

గోడ మీద గిన్నెమూత చప్పుడు. ఎడమపక్క గోడ.

"నీళ్లొచ్చినాయి... లేయండి..."

ఆడగొంతు. మరీ గట్టిగా కాదు. పక్కన పిల్లలు పడుకున్నారన్నట్టుగా.

"ఆఁ, లేచినా అక్కా!" అన్నాను.

చూశారా... పలికాను. కళ్లు కూడా తెరవకుండా పలికాను. ఇరవై రెండేళ్ల అలవాటు. జుట్టు ముడేసుకుని, బిందెలు రెండు పట్టుకుని వాకిట్లోకి వచ్చి లైటు వేశాను. ఫోన్లో చూస్తే మూడు కావడానికి పది నిమిషాలు ఉంది. కొళాయి తిప్పాను. వచ్చాయి నీళ్లు!

నాకు ఏడుపొచ్చినంత పనయింది. రేపు ఏడుకు వాళ్లొస్తారు. కొళాయి తిప్పుతారు. తొట్టి నిండుగా ఉంటుంది. వంతు కాని రోజున నీళ్లెందుకు వచ్చాయో... అవన్నీ ఎవరికి కావాలి? గబగబా పట్టడం మొదలుపెట్టాను. బిందె నిండగానే లోపలికి మోయడం, ఇంకోటి పెట్టడం. వంటింట్లో వరుసగా పెట్టాను. డ్రమ్ము నింపాను. కొళాయికి గొట్టం తగిలించి తొట్టిలో వదిలాను, అది నిండాక గొట్టం తీసి మళ్లీ బిందెలు పెట్టాను.

అయితే మామూలుగా మా కొళాయిలో ముందు గాలి వస్తుంది. ఆ తర్వాత ఒక బిందెడు ఎర్రనీళ్లు. అవి పారబోసి పట్టుకోవాలి. ఆ రాత్రి గాలి రాలేదు. ఎర్రనీళ్లూ రాలేదు. మొదటి చుక్కే తేటగా వచ్చింది. ఎండాకాలంలో పైపులో నీళ్లు నడిరాత్రి కూడా గోరువెచ్చగానే ఉంటాయి. ఇవి చల్లగా ఉన్నాయి... చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా.

ఇది నాకు అప్పుడు తట్టలేదు. నిజం చెబుతున్నా. అలసిపోయిన మనిషికి ఏదీ వింతగా కనపడదు. నీళ్లొచ్చాయా లేదా, అంతే.

తొమ్మిదో బిందె దగ్గర... నడుము పట్టుకుని నిలబడ్డాను. నిలబడితే అప్పుడు వినపడింది.

ఏమీ వినపడలేదు. అదే వినపడింది.

నీళ్లొచ్చాయంటే మా వీధి ఎలా ఉంటుందో తెలుసా? బిందెల మోత, మోటార్ల హోరు, నా వంతంటే నా వంతని తగువు, లేవని మొగుడిని తిట్టే తిట్లు. ఆ రాత్రి... ఒక్క బిందె మోగలేదు. ఒక్క ఇంట్లో లైటు లేదు. కిందిదాకా వీధంతా చీకటి. వెలుగుతున్నది నా బల్బు ఒక్కటే.

రంగమ్మక్కను అడుగుదామని ఎడమపక్కకు తిరిగాను. "అక్కా..." అన్నాను.

నా బల్బు వెలుతురు వాళ్ల తలుపు మీద పడుతోంది.

తలుపుకు తాళం...

తాళం కప్ప... తళతళమంటోంది.

ఆమె నందవరంలో ఉంది కదా... మధ్యాహ్నం ఆటో ఎక్కించింది నేనే కదా... సంచి అందించింది నేనే కదా.

మరి గోడ కొట్టింది ఎవరు?

బిందెలో నీళ్లు పడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు మారుతూ మారుతూ... నిండి... పొర్లి... నా పాదాల మీదికి వస్తోంది. వంగి తీయాలని తెలుసు. వంగలేకపోయాను.

అప్పుడు...

టక్... టక్... టక్...

ఈసారి కుడిపక్క.

మళ్లీ చెబుతున్నా. కుడిపక్క. గోడలు లేని పక్క. రాళ్లూ కంపచెట్లూ తప్ప ఏమీ లేని పక్క. ఆ చప్పుడు గిన్నెమూతను గోడకు కొట్టిన చప్పుడే. ఇరవై రెండేళ్లు విన్నాను, నాకు తెలియదా?

"నీళ్లొచ్చినాయి... లేయండి..."

అదే గొంతు. నా వాకిలి ముందు నుంచి ఎవరూ పోలేదు. పోతే నాకు కనపడాలి, సందు అంత సన్నం. మా వీధి కుక్క ఒకటి సందులో పడుకుని ఉంది. మెలకువగానే ఉంది. తల ఎత్తలేదు, మొరగలేదు. ప్లాట్ల వైపే చూస్తూ... మెల్లగా తోక ఊపుతోంది. తెలిసినవాళ్లు వస్తే ఊపినట్టు.

నేను అటే చూస్తూ నిలబడ్డాను. ఒక క్షణం... రెండు క్షణాలు...

ఆ చీకట్లోంచి...

"ఆఁ... లేచినా."

ఎవరో పలికారు! ముసలి గొంతు. నిద్రలోంచి లేచిన గొంతు. ఆ వెంటనే గడియ తీసిన చప్పుడు. బిందె బండ మీద పెట్టిన చప్పుడు... ఖణ్ మని.

చూశాను. రాళ్లు కనపడుతున్నాయి, తెల్లగా. కంపచెట్లు. ఇంకేమీ లేదు.

నా కొళాయి ధార సన్నబడింది.

అది చూసినప్పుడే నాకు చెమటలు పట్టాయి. గొంతు విన్నప్పటి కంటే ఎక్కువగా. ఎందుకంటే కొళాయి భాష నాకు తెలుసు. పక్కింట్లో ఎవరైనా కొళాయి తిప్పితే మన ఇంట్లో ధార తగ్గుతుంది. కానీ నాది చివరి కొళాయి, నా అవతల తిప్పేవాళ్లు లేరు...

టక్... టక్... టక్... ఇంకాస్త దూరంగా. "నీళ్లొచ్చినాయి..." మళ్లీ ఎవరో "ఆఁ" అన్నారు, ఈసారి మగగొంతు. ధార చిటికెనవేలంత అయింది. ఇంకా దూరంగా... టక్... టక్... ఇంకొకరు. ధార దారమంత అయింది. అలా ఎన్ని ఇళ్లు లేపిందో నేను లెక్కపెట్టలేదు. ఆరా... ఏడా... చివరిది మరీ దూరం. పలికిన మాట కూడా వినపడలేదు. కొళాయి చుక్క... చుక్క... ఆగిపోయింది.

కుక్క తోక ఊపడం మానేసి కళ్లు మూసుకుంది.

బిందె అక్కడే వదిలేసి లోపలికొచ్చి గడియ పెట్టాను. చీర తొలగించి చూస్తే ఆయన మేలుకుని ఉన్నాడు. కళ్లు పెద్దవి చేసుకుని కుడిపక్క గోడ వైపు చూస్తున్నాడు.

"ఆ పిలుపు ఇంటివా?" అన్నాను.

కళ్లు నా వైపు తిప్పాడు. నోరు కదిలింది. గాలి వచ్చింది, మాట రాలేదు.

ఆయన పక్కనే నేలమీద కూర్చున్నాను. తెల్లారేదాకా భయంతో వణికానని చెబితే మీకు బాగుంటుందేమో. కాదు. కాసేపటికి నిద్రపోయాను. భయపడటానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి.

ఆరింటికి లేచి, మొదట వంటింట్లోకి వెళ్లాను. బిందెలన్నీ నిండుగానే ఉన్నాయి. తొట్టి నిండుగా ఉంది. రంగమ్మక్క ఇంటికి అవతల హుసేన్‌బీ ఉంటుంది, మిషను కుడుతుంది. ఆమె వాకిలి ఊడుస్తుంటే అడిగాను.

"రాత్రి నీళ్లు పట్టినావా బీ?"

"యా నీళ్లు? రేపు కదా మనకు! కలగన్నావా ఏమి?"

"నిన్నెవరూ లేపలేదా?"

"ఎవురు లేపల్లేదమ్మా. ఏమయింది, ముకమట్లుంది?"

ఏం లేదన్నాను. వాల్వు తిప్పి మా వీధికి నీళ్లు వదిలే అబ్బాయికి ఫోన్ చేశాను. మా లైను ముట్టుకోనే లేదన్నాడు. ప్లాట్లలోకి వెళ్లి నేల తడిసిందేమో చూద్దామనుకున్నాను. ధైర్యం లేక కాదు, టైము లేక పోలేదు. ఏడుకు పార్టీ. ఇల్లు ఊడ్వాలి, ముగ్గేయాలి, ఆయన్ని తుడవాలి, ఆయన్ని దాచాలి. మధ్యాహ్నం వెళ్లి చూశాను. మా ఎండలకు అప్పటికి ఏ తడి మిగులుతుంది?

ఏడుకంటే ముందే వచ్చారు. ఆ అబ్బాయిది పత్తి జిన్నింగు మిల్లులో పని. ఆ పిల్లకు ఇరవై ఏళ్లుంటాయేమో, చేతులకు ఇంకా పెళ్లిగాజులు. గోడలు కొట్టి చూడలేదు. ముక్కు మూసుకోలేదు. "బాగుండాదక్కా, సల్లగుండాది" అంది. వెనకగదిలో చీర చూసి ఏమిటని అడిగింది.

"సామాన్లమ్మా" అన్నాను.

చీర వెనక మంచం కొంచెం కిర్రుమంది. ఆ పిల్ల వినలేదు. నేను విన్నాను.

వాకిట్లో కొళాయి మద్దిలేటే తిప్పబోయాడు, నేను చెయ్యి పట్టుకుని ఆపి తొట్టి చూపించాను. ఆ పిల్ల దోసిలితో ముంచుకుని తాగింది. "అబ్బా! ఫ్రిజ్జు నీళ్లట్ల ఉండాయి" అని మొగుడికి కూడా పట్టింది. మద్దిలేటి నా వైపు చూసి కనుబొమలెగరేశాడు. వాళ్లిద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఇరవై రెండేళ్లు సంసారం చేసినదాన్ని, ఆ చూపు నాకు అర్థం కాదా? ఇల్లు అమ్ముడుపోయింది. ఇంక నోటితో చెప్పడమే తరువాయి.

వెళ్లేముందు ఆ పిల్ల వెనకగది కిటికీలోంచి ప్లాట్ల వైపు చూసింది.

"అక్కా, ఒక మాట. ఆయప్పది రాత్రి డూటీ. నేనొక్కదాన్నే ఉండాల. ఈ పక్క ఎవురూ లేరు కదా... రాత్రిపూట ఏమన్నా సప్పుడూ గిప్పుడూ ఉంటాదా?"

నన్ను నమ్మి అడిగింది. అక్క వరసపెట్టి అడిగింది.

ఆదోనిలో మెట్లు లేని ఇల్లు కళ్లముందు కనపడింది. ఈ ఏడాదిలోపు వచ్చిందే వచ్చినట్టు అన్న సారు మాట చెవిలో ఉంది. నాకు పదమూడో జట్టును చూసే ఓపిక లేదు.

"ఎవరూ లేరమ్మా. గాలి తప్ప ఏమీ రాదు. ఇన్నేండ్లు నేనుండలేదా?" అన్నాను.

చీర వెనక నుంచి...

"ఉండారు."

ఆ పిల్ల వెనక్కి తిరిగింది.

"ఎవరక్కా లోపల?" అంది ఆ పిల్ల.

మద్దిలేటి తల పట్టుకున్నాడు. నేను చీర పక్కకు లాగాను. ఇంకేం చేస్తాను? ట్రంకుపెట్టెల వెనక, మూలకు నెట్టిన మంచం మీద ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మా ఆయన. ఎడమచెయ్యి ఎత్తి కుడిపక్క గోడను చూపిస్తున్నాడు.

"మా ఆయనమ్మా. పక్షవాతం. మాట పడిపోయింది. ఊరికే ఏదో ఒకటి అంటాంటాడు... దానికి అర్థముండదు" అన్నాను.

ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను. చలేస్తోందేమో అని పైకి అంటూ గొంతుదాకా దుప్పటి కప్పాను. ఆ ఎండాకాలంలో.

ఆ పిల్ల పాపమంది. దగ్గరికొచ్చి "తొందరగా బాగవుతాదిలే పెదనాయనా" అని దండం పెట్టింది. వాళ్లు రోగి ఉన్నాడని వెనక్కి పోలేదు. మద్దిలేటి మాట తప్పయింది. ఆయన్ని పదకొండు సార్లు దాచింది ఎందుకో నాకు తెలియదు.

ఆ నెలలోనే రిజిస్ట్రేషన్ అయింది. ఆదోనికి వచ్చేశాం. ఆ పిల్ల ఒక్కసారి ఫోన్ చేసింది, కొళాయి వాషరు ఎక్కడ దొరుకుతుందని. ఇంకేమీ అడగలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ప్లాట్లు వేసినప్పుడు భూమిలో పైపు కూడా వేసి ఉంటారా? ఎక్కడో దూరపు వీధిలో లేపుకుంటుంటే రాత్రి నిశ్శబ్దంలో మా పక్క నుంచి వచ్చినట్టు వినపడిందా? హుసేన్‌బీ అదే అంటుంది. కావచ్చు. మరి నన్ను లేపింది ఎవరు? రంగమ్మక్క మనవడిని ఎత్తుకుని నందవరం నుంచి వచ్చాక అడిగితే, నేనెట్ల లేపుతానే అని నవ్వింది.

కానీ నన్ను పీక్కుతినేది అది కాదు.

ఆదోనికి మారాక వెళ్లిన మొదటిరోజే ఆ సారు కొత్త పుస్తకం తెరిచి, మా ఆయన పేరు మళ్లీ రాసుకుని, నన్ను అడిగాడు. "పడిపోయినప్పటి నుంచి ఇప్పటివరకు స్పష్టంగా ఏదైనా ఒక్క మాట... ఒక్కటి పలికినా చెప్పమ్మా. అక్కడి నుంచే మొదలుపెడతాను."

మా ఆయన నా పక్కనే కూర్చున్నాడు. నా ముఖం వైపు చూస్తున్నాడు. ఎనిమిది నెలల్లో ఆయన పలికిన మొదటి మాట... తేటగా, తడబడకుండా, యార్డులో వేలం పాడిన గొంతుతో పలికిన మాట. ఆ మాట కోసమే నేను ఇల్లమ్మాను. కానీ అది చెబితే, ఆ పిల్లతో నేనాడిన అబద్ధమూ చెప్పాలి.

"లేదు సార్" అన్నాను. "ఇంతవరకు ఏమీ పలకలేదు."

ఆయన తల దించుకున్నాడు. సారు కొత్త పేజీ తిప్పి, "అయితే మొదటి నుంచి మొదలుపెడదాం" అన్నాడు.